చూడకుండా కొన్న కుండలు

“సారె మీది మట్టమ్మా, చల్లగ లేచి రావమ్మా...” తరువాతి చరణం మరిచిపోయాను. ఆ పాట పాడుతూ సారె చక్రం తిప్పి కుండలు చేసే పైడితల్లి, మా పల్లెలో మొదటిసారి ఫోనులో అమ్మకం పెట్టింది. సంతలో అందరి కుండలూ చవగ్గా లాక్కునే దళారి సన్యాసిరాజు నలుగురిలో నవ్వాడు.

“వేలితో కొట్టి చూడందే కుండ ఎవడు కొంటాడే? సరుకు నాకే ఇచ్చెయ్!”

ఒప్పుకుంటే ఏడాది కష్టమంతా అతని పాలే.

“ఒక్కసారి అటు తిరగండి బాబూ,” అంది పైడితల్లి. అతని వెనక రెండు కుండల్ని వేలితో కొట్టింది.

“రెండోది బీటేసిందే,” అన్నాడు.

“తమరు చూళ్ళేదు, ముట్టలేదు. కొనేవాళ్ళకీ ఈ మోతే ఫోనులో వినిపిస్తాను.”

అతను సంత దారి పట్టాడు.

పైడితల్లి పోయేముందు నాతో ఆఖరిసారి అన్న మాట: “అంత దూరం నుంచి చెవొగ్గి నమ్ముతున్నారొదినా, బీటేసింది ఒక్కటీ వెళ్ళకూడదు.”