దూదిపుల్ల వచ్చేదాకా కదలని ఇల్లు

ముందే చెబుతున్నాను, ఈ కథలో గేదె ముందొచ్చిందో నిచ్చెన ముందొచ్చిందో నాకు కాస్త తికమక. వరస తప్పితే మీరే సర్దుకోండి.

కూనలంకలో అచ్చాయమ్మగారి ఇల్లంటే తెలివికి పుట్టిల్లు. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళే అనుకున్నారు. గుమ్మం దాటినప్పుడల్లా అందరి తలలూ ద్వారబంధానికి కొట్టుకునేవి. "తెలివి గట్టిపడ్డ తల వంగదే" అనేది అచ్చాయమ్మ, బొప్పి తడుముకుంటూ.

ఆ ఇంట్లోకల్లా తెలివైనది పెద్దకోడలు రవణమ్మ అని రవణమ్మ నమ్మకం. ఆవేళ ఆమెకు పుట్టింటి ప్రయాణం. తమ్ముడు సత్తిరాజుకి ఆ రాత్రి పెళ్ళికూతురింట్లో పెళ్ళి. మర్నాడు పొద్దున్నే కొత్తజంట ఇంటికొస్తారు. గుమ్మానికి అడ్డంగా నిలబడి, పెళ్ళికొడుకు చేత పెళ్ళాం పేరూ, పెళ్ళికూతురి చేత మొగుడి పేరూ చెప్పించి మరీ లోపలికి వదలడం ఆడపడుచు హక్కు. తను లేకపోతే పెదనాన్న కూతురు సూరాంబ నిలబడుతుంది. సూరాంబ నిలబడ్డాక ఇంక తను తలెత్తుకుని తిరిగేదెలా?

సంచి పట్టుకుని ఒక కాలు గుమ్మం బయట పెట్టింది. సరిగ్గా అప్పుడే లోపల్నుంచి నళిని మాట వినిపించింది. నళిని పట్నంలో పెద్ద చదువు చదువుతున్న పిల్ల. మన ఇళ్ళలో కంటికి కనపడకుండా ఏమేం జీవులుంటాయో చూడ్డం ఆమె పని. పొద్దుటినుంచీ గోడలూ, గడపలూ, గరిటెలూ దూదిపుల్లతో తుడిచి, ఆ పుల్లల్ని గొట్టాల్లో వేసుకుంటోంది.

"ఎంతమందుంటారమ్మాయ్?" అంది అచ్చాయమ్మ.

"లక్షల్లో ఉంటాయి మామ్మగారూ."

"ఇన్నాళ్ళబట్టీ ఉన్నారా? ఒక్కళ్ళూ మంచినీళ్ళు కూడా అడగలేదే. ఎంత మర్యాదస్తులో."

నళిని నవ్వింది. "మన ఒంటిమీదా ఉంటాయి. మనిషి ఎక్కడికెళ్తే అవీ అక్కడికే. కొత్త ఇంట్లో ఒక్కరోజుంటే చాలు, అదీ మీ ఇల్లులాగే అయిపోతుంది. సరే, రేపొచ్చి మళ్ళీ తుడుచుకుంటాను. అందాకా ఇల్లు ఇప్పుడెలా ఉందో అలాగే ఉంచండి" అని పెరటిదారిన వెళ్ళిపోయింది.

ఇంకేముంది. "రవణా, కాలు కదపకు" అంది అచ్చాయమ్మ.

ఆ క్షణాన మరిది బూసయ్య బూజుకర్రతో పెరటి తలుపు దగ్గర నిచ్చెన మీదున్నాడు. అక్కడే ఉండిపోయాడు. పొయ్యిమీద పులుసు ఉడుకుతోంది. ఉడుకుతూనే ఉండాలి కాబట్టి రవణమ్మ మొగుడు వీరభద్రం చెంబుతో నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. పులుసు చారయింది, చారు ఏరయింది. గేదె వంటింటి కిటికీలోంచి తల దూర్చి తోటకూర నములుతోంది. తోటకూర అయిపోతే తల తీసేస్తుంది. అందుకని గోంగూర పెట్టారు, అరిటాకులు పెట్టారు, చివరికి చాపకూడా చించి పెట్టారు.

రవణమ్మ గుమ్మంలో ఒంటికాలి కొంగలా నిలబడి బస్సు వెళ్ళిపోవడం చూసింది.

"అత్తయ్యా, సగం నేను బయటే ఉన్నానుగా. ఆ సగాన్నైనా పోనివ్వండి."

"లోపలి సగం ఒప్పుకోవాలి కదే."

"ఒప్పుకుంది."

"నువ్వు చెబితే ఎలా? నువ్వు రెండు వైపులా చుట్టానివి."

ఏడుపొచ్చింది రవణమ్మకి. ఏడుస్తూంటే తెలివి తన్నుకొచ్చింది. "నేనెక్కడికెళ్తే ఇల్లూ అక్కడికే వస్తుందని ఆ పిల్లే చెప్పిందిగా."

అచ్చాయమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "ఇల్లు నీతో వచ్చేస్తే మేమెక్కడ పడుకోవాలే?"

అంతే. ట్రాలీ ఆటో పిలిచారు. గేదెనెక్కించారు, పులుసుకుండ ఎక్కించారు, నిచ్చెన ఎక్కించారు, నిచ్చెన మీదున్న బూసయ్యని దింపకుండానే ఎక్కించారు. రవణమ్మ ఒక కాలు ఆటోలో, ఒక కాలు బయట పెట్టుకుని కూచుంది. పుట్టింట్లో అంతా పెళ్ళికి వెళ్ళారు. కాబట్టి అడ్డు చెప్పేవాళ్ళు లేరు. కిటికీలో గేదె, పొయ్యిమీద పులుసు, పెరటి తలుపుకి అడ్డంగా నిచ్చెన, వీధి గుమ్మంలో రవణమ్మ. అచ్చు కూనలంకే.

పొద్దున్నే పెళ్ళివారు దిగారు. గుమ్మంలో రవణమ్మని చూసి సూరాంబ మూతి ముడుచుకుంది. రవణమ్మకి కడుపు నిండిపోయింది.

"పేర్లు చెప్పండి."

"నేనూ, నా భార్య పల్లాలమ్మా వచ్చాం" అన్నాడు సత్తిరాజు.

"సత్తిరాజుగారూ నేనూ వచ్చాం" అంది పల్లాలమ్మ, తల వంచుకుని.

"చాలా బావుంది."

"అయితే తప్పుకో అక్కా."

"ఎలా తప్పుకోనురా? నళినమ్మ వచ్చి దూదిపుల్లతో తుడిస్తేగాని కదలకూడదు."

"ఎవరావిడ? ఎక్కడుంది?"

"మా ఇంటికి వెళ్ళుంటుంది. పాపం, అక్కడ ఇల్లు లేదుగా."

పెళ్ళికూతురు కుడికాలు ఎత్తింది ఎత్తినట్టే ఉంది. చూసి చూసి సూరాంబే పక్కింట్లోంచి ఆమెకో పీట తెచ్చి వేసింది. ఎండెక్కింది. అప్పుడొచ్చింది నళిని, ఆటో జాడ అడుగుతూ, చెమటలు కక్కుతూ. సత్తిరాజు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. "తల్లీ, త్వరగా తుడిచెయ్యి."

నళిని సంచీలోంచి దూదిపుల్ల తీసి గడప ఎక్కబోయింది. రవణమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"పేరు చెప్పి రావాలి. ఎవరెవరొచ్చారు?"

"నేనొక్కదాన్నే వచ్చానండీ. నళిని."

"ఆడపడుచు ముందా అబద్ధాలు? నీ ఒంటిమీద లక్షలమంది ఉన్నారని నువ్వే చెప్పావు. ఒక్కొక్కళ్ళ పేరూ చెప్పి అప్పుడు లోపలికి రా."

నళిని సత్తిరాజు వంక చూసింది. సత్తిరాజు పెళ్ళాం వంక చూశాడు. పల్లాలమ్మ పీట కాస్త నీడకి జరుపుకుంది. నళిని గడప ముందు చతికిలబడి, మొదటి పేరు అందుకుంది.

సుభద్రా, ఈ కథ అచ్చుకి పంపేముందు మనుషుల పేర్లు సరిగ్గా రాశానో లేదో నువ్వోసారి చూసిపెట్టవే. ఆ పిల్ల చెబుతున్న పేర్లు మాత్రం వదిలెయ్, ఇంకా అవ్వలేదు.