తందానలో మూడో నోరు

నువ్వు నమ్మవు విహానూ. పందెం. నమ్మితే నా సైకిల్ వారం రోజులు నీకే. నమ్మకపోయినా కథైతే నిజమే, నేనేం చెయ్యలేను.

అమ్మమ్మకి గొంతు పట్టేసింది, అందుకని ఇవాళ కథ నాది. దుప్పటి కప్పుకో. పిన్ని ఫోను ముక్కుకి ఆనించి చదవకు. మధ్యలో ఎమోజీ బొమ్మలు పంపావో, టైపు చెయ్యడం ఆపేస్తా.

అనగనగా ఒక ఊళ్ళో, అంటే మన అమ్మమ్మ పుట్టిన ఊళ్ళోనే, నాంచారమ్మ అని ఒకావిడ ఉండేది. అమ్మమ్మకి నాయనమ్మ. బుర్రకథ చెప్పేది. మధ్యలో ఒకరు తంబూర భుజాన వేసుకుని, ముందుకీ వెనక్కీ చిందేస్తూ కథ పాడతారు. అటొకరు ఇటొకరు డక్కీలు వాయిస్తూ "తందాన తాన" అంటారు. వాళ్ళు వంతలు. నాంచారమ్మకి అటు చెల్లెలు బసవమ్మ, ఇటు కోడలు సుగుణ. ఇప్పటి జిమ్మూ, సినిమా హాలూ రెండూ కలిపితే ఒక్క నాంచారమ్మ అనుకో.

అప్పుడు ఏమైందంటే, ఆవిడకి అరవై దాటాయి. ఒకసారి కథ సగంలో ఆయాసం వచ్చి కూర్చుండిపోయింది. అందరి ముందు! అంతకుముందు ఎప్పుడూ కూర్చోలేదు.

తెల్లారి మునసబు గోపాలం గారు పిలిపించారు. "నాంచారమ్మా, వచ్చే తిరునాళ్ళకి గంటసేపు నిలబడి చెప్పగలిగితే చెప్పు. లేదంటే తంబూర అటకెక్కించెయ్. మైకుసెట్టు తెప్పించి రికార్డులు వేయిస్తా."

"తంబూర నాతో పాటే పోద్ది గానీ అటకెక్కదు బాబూ" అంది నాంచారమ్మ. అంది గానీ, ఇంటికొచ్చి అన్నం ముట్టలేదంట.

తిరునాళ్ళకి నెల ఉంది. ముందు బసవమ్మ శొంఠి కషాయం తాగించింది. ఏం లాభం లేదు. ఆ తర్వాత ఎవరో చెప్పారని పచ్చిగుడ్లు మింగింది. కడుపు పాడైంది, అంతే. ఆ తర్వాత తెల్లారగట్ల కాలవ గట్టు మీద పరుగు. అరవై ఏళ్ళావిడ, గోచీ పోసి చీర కట్టి! ఊళ్ళో కుర్రాళ్ళు చూసి నవ్వారు. మూడో వారానికి ఆ నవ్వినోళ్ళే పరుగులో వెనకబడ్డారు. కాళ్ళు ఇనుమైపోయాయి. కథ మొదలెడితే మాత్రం మళ్ళీ అదే ఆయాసం.

ఇప్పుడు మన అమ్మమ్మ వస్తుంది చూడు. మాణిక్యం. అప్పటికి తొమ్మిదేళ్ళు. ఏది కనపడితే అది లెక్కపెట్టే పిల్ల. కోడి ఎన్నిసార్లు రెప్ప వేస్తుందో కూడా లెక్కపెట్టేదంట!

"నాయనమ్మా, ఆయాసం నీ కాళ్ళదా, గొంతుదా?" అని అడిగింది.

"నీ వాగుడిది. పో అవతలికి."

పోలేదు. మొదట పాట లేకుండా చిందు వేయించింది. ఆయాసం రాలేదు. ఆ తర్వాత కూర్చోబెట్టి వట్టి పాట పాడించింది. రాలేదు. ఆ తర్వాత చిందూ, పాటా, వంతలూ అన్నీ కలిపి. వచ్చేసింది!

అప్పుడు మాణిక్యం చెవులు రెండూ మూసుకుని ఎదురుగా కూర్చుంది. వింటే పాటలో పడిపోతాం కదా, అందుకని. వట్టి నోళ్ళే చూసింది. తందాన దగ్గర రెండు నోళ్ళు తెరుచుకోవాలా? మూడు తెరుచుకుంటున్నాయి!

"నాయనమ్మా, తందాన వాళ్ళది కదా. నువ్వెందుకు అంటున్నావ్?"

"నేననకపోతే వీళ్ళ తందాన పక్కింటి పిల్లికి కూడా వినపడదే."

"మరి నువ్వు గాలి పీల్చుకునేదెప్పుడు?"

సుగుణ అటు తిరిగి నవ్వుకుంది. అత్తగారు కదా, ఎదురుగా నవ్వితే ఇంకేమైనా ఉందా!

నాంచారమ్మ ఒప్పుకుందనుకున్నావా? "నలభై ఏళ్ళ కథ నాది. నువ్వు నాకు తందాన నేర్పుతావా?" అని కసిరింది. మాణిక్యం గోడ మీద బొగ్గుతో చరణానికో గీత గీసింది. నాయనమ్మ తందాన అంటూ పాడిన రోజు పదకొండు చరణాలకే కూలబడింది. మనవరాలు బతిమాలితే, తందాన దగ్గర నోరు మూసుకుని ముక్కుతో గాలి పీల్చిన రోజు ఇరవై ఆరు. నాంచారమ్మ ఆ గీతల్ని వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టింది. "ఒక్కసారి చూస్తే ఏం తెలుస్తుందే. రేపు మళ్ళీ గియ్యి" అంది. మర్నాడు ముప్పై!

తిరునాళ్ళ రోజు సాయంత్రం నాలుగింటికి కథ మొదలైంది. మునసబు గారు ముందు వరసలో, చేతికి వాచీతో. పక్కనే మైకుసెట్టు వాడు రికార్డు చేత్తో పట్టుకుని రెడీగా ఉన్నాడు. అరగంట బ్రహ్మాండంగా నడిచింది.

అప్పుడు కథలో రాణి కోట గోడ దూకే ఘట్టం వచ్చింది. సరిగ్గా అక్కడే బసవమ్మ గొంతు బొంగురుపోయింది. తందాన పల్చబడింది. నాంచారమ్మ ఉండబట్టలేక తనే అందుకుంది. మళ్ళీ అందుకుంది. మళ్ళీ. ముఖం ఎర్రబడింది, అడుగు తడబడింది. మునసబు గారు మైకుసెట్టు వాడి వైపు చూశారు.

అప్పుడు మాణిక్యం లేచి, జనం వైపు తిరిగి, ఉన్న గొంతంతా పెట్టి "తందాన తాన!" అంది. ఒక్కతే! సిగ్గు లేదు, బెదురు లేదు. పక్కనున్న పిల్లలు అందుకున్నారు. ఆ తర్వాత కాలవ గట్టు కుర్రాళ్ళు. ఆ తర్వాత ఊరు ఊరంతా. అంత తందాన మీద పడుతుంటే నాంచారమ్మ గొంతుతో పనేముంది? నోరు మూసింది. ముక్కుతో నిండుగా గాలి పీల్చింది. అప్పుడు దూకింది చూడు రాణి!

గంట అయింది. గంటంపావు అయింది. మునసబు గారు వాచీ సంగతే మర్చిపోయి, తొడ మీద తాళం వేసుకుంటూ తందాన అంటున్నారు.

కథ అయ్యాక ఆయనే లేచొచ్చి, "వచ్చే ఏడు కూడా నువ్వే చెప్పాలి నాంచారమ్మా" అన్నారు.

"నన్నడిగితే ఏం లాభం బాబూ, నా మనవరాల్ని అడగండి. నా ఊపిరి లెక్క దాని దగ్గరుంది" అంది నాంచారమ్మ. ఊరందరి ముందు!

అదిరా మన అమ్మమ్మ! నీకూ నాకూ సొంత అమ్మమ్మ! ఆ తర్వాత మునసబు గారు మాణిక్యం ముందుకొచ్చి ఏమన్నారంటే...

అయ్యో అమ్మ అరుస్తోంది. పొయ్యి మీద పాలు పొంగకుండా నేను చూస్తానన్నా. పోయా ఇవాళ.

కథేమో కంచి బస్సు పట్టె,
పాలగిన్నె మాడు పట్టె,
విహానుగాడు ముసుగు పెట్టె!