కొండెక్కిన నీళ్లపొయ్యి

కాగుకొండ శిఖరాన గోపురం లేదు, విగ్రహం లేదు. మూడు రాళ్ల పొయ్యి, దానిమీద నల్లటి కాగు, అందులో ఎప్పుడూ వేడినీళ్లు. భక్తులు ఓబులమ్మ తల్లిగా కొలిచేది ఈ పొయ్యినే. రెండు వందల మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చినవారు ఇంతేనా అని అడగడం మామూలే. ఇంతే.

పూర్వం ఇక్కడ పొయ్యికింతని పన్ను ఉండేది. కొండకింది ఊళ్లో ఓబులమ్మకు రెండు పొయ్యిలు. ఒకటి వంటకు, రెండోది పెరట్లో స్నానానికి నీళ్లు కాచడానికి. ఆమె భర్త తిప్పయ్య ఎద్దులమీద ఉప్పు తేవడానికి సముద్రం వైపు వెళ్లి నాలుగేళ్లయింది. వెళ్తూ, వచ్చేసరికి నీళ్లు కాచి ఉంచమన్నాడు. ఏ పూట వస్తాడో తెలియక ఆమె ఒక్క పూట కూడా ఆ పొయ్యిని చల్లబడనివ్వలేదు.

ఆ ఏడు వానల్లేవు. రెండో పొయ్యికి పన్ను కట్టకపోతే ఇల్లు జప్తు. ఇరుగుపొరుగు నచ్చజెప్పగా, అధికారి వచ్చే ఉదయం ఆమె ఏడుస్తూ పెరటి పొయ్యిలో నీళ్లు చల్లింది. ఈ పొయ్యి ఏమైందని అధికారి అడిగాడు. దీపమైనా నిప్పైనా ఆరిందనడం మన ఇళ్లలో లేదు. అందులోనూ మనిషి దూరాన ఉండగా ఆ మాట ఆమె నోట రాలేదు.

"కొండెక్కిందయ్యా," అంది.

పరభాషవాడైన ఆ అధికారి, పన్ను ఎగ్గొట్టడానికి పొయ్యిని కొండమీద దాచిందనుకున్నాడు. ఎవరు చెప్పినా వినకుండా మిట్టమధ్యాహ్నం కొండెక్కాడు. పైన మనుషులెవరూ లేరు. మూడు రాళ్ల మధ్య నిప్పు, కాగులో పొగలు కక్కుతున్న నీళ్లు, ఎదురుగా సముద్రం వైపు పోయే ఉప్పుబాట. అతడు చాలాసేపు ఆ బాట చూస్తూ నిలబడ్డాడు. అతడి ఇల్లూ దూరమే. దిగివచ్చి, ఆ పొయ్యి దేవుడిదని రాయించి పన్ను కొట్టేయించాడు.

ఓబులమ్మ ఆ రోజే పైకి వెళ్లింది. పందొమ్మిదేళ్లు ఆ నిప్పును కాచుకుని, బాట చూస్తూనే కన్నుమూసింది. పదో నాడు తిప్పయ్య వచ్చాడు. ఇన్నేళ్లూ పరాయి రేవులో చెరలో ఉన్నాడట. పొగ చూసి కొండెక్కి, భార్య ఏదని అడిగాడు. ఊరివారు చెప్పారు. ఆ పది రోజులూ పొయ్యిలో ఎవరూ కట్టె పెట్టలేదు. మైలస్నానానికి ఆయన తలమీద పోసింది ఆమె కాచి ఉంచిన నీళ్లే.

"ఇంకా వేడిగానే ఉన్నాయి," అన్నాడు.

నేటికీ దూరాన ఉన్నవారి పేరు చెప్పి ఇంటివారు ఈ పొయ్యిలో ఒక కట్టె పెడతారు. తిరిగి వచ్చినవారు ఇక్కడి నీళ్లు రెండు చెంబులు పోసుకున్నాకే ఇంటి గడప తొక్కుతారు. తల్లి దయవల్ల అలా వచ్చినవారు ఎందరో. ఆలస్యంగా వచ్చినవారూ ఉన్నారు. అందుకే ఇంటికి దూరంగా ఉండి ఇది చదివేవారికి మా మనవి ఒక్కటే. బయలుదేరండి, నీళ్లు కాగి ఉన్నాయి.