పెద్దాయన బడి చూడటానికొచ్చిన రోజు

రండర్రా, ముందుకు జరగండి. వెనక గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా లేచి రండి. కథ గోడకి కాదు, మీకు చెప్పాలి. పలకలు పక్కన పెట్టండి. ఆ చివర ఇద్దరూ చోటు కోసం తోసుకోకండి, ఇంత నేలుంది. కూర్చున్నారా? సరే, వినండి.

ఒక అడవి అంచున రెండు బడులుండేవి. ఒకటి నక్క కొండలరాయుడిది. అది పాత గొడ్లపాక. కప్పు సగం ఎగిరిపోయినా దూలాలు మాత్రం ఎత్తుగా, గట్టిగా ఉండేవి. రెండోది గాడిద బూదమ్మది. ఒళ్ళు బూడిద రంగు కాబట్టి అందరూ ఆమెని బూదమ్మ టీచరు అనేవాళ్ళు. ఆమె బడి ఒక తాటాకు చప్పరం. ఎండకి పరవాలేదు గాని వానకి నిలవదు. కిందటేడు తొలకరికే కారిపోయి రెండు నెలలు బడి మూతపడింది. తెరిచాక చూస్తే ముగ్గురు పిల్లలు తిరిగి రానేలేదు. ఆ ముగ్గురి పేర్లు బూదమ్మ ఎప్పుడూ మరిచిపోలేదు.

గాడిద పాఠం చెప్పడమేమిటని నవ్వుతున్నారా? నవ్వండి. మొదట్లో అడవి కూడా నవ్వింది. బడి పెట్టిన రోజు ఆమె చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? నేల మీద బోర్లా పడుకుని, గడ్డం మట్టికి ఆనించి, చప్పరం నాలుగు వైపులా చూసింది.

అటుగా వెళ్తున్న కొండలరాయుడు ఆగాడు. "ఏమక్కా, తెల్లారకముందే అలిసిపోయావా?" అన్నాడు.

"లేదు తమ్ముడూ. ఉడుతపిల్లకి ఇక్కడినుంచి ఏం కనపడుతుందో చూస్తున్నాను."

"ఏం కనపడింది?"

"నేను నిలబడి పాఠం చెప్తే నా కాళ్ళు తప్ప ఇంకేమీ కనపడదు. ఇది కుదరదు."

ఇక అప్పట్నుంచి ఆ బడిలో ప్రతి వస్తువూ పిల్లల ముక్కుకి ఎదురుగా వచ్చింది. ఒక మూల ఇసుక పరిచి అక్షరాలు దిద్దించేది. ఒక కర్రకి రెండు కొబ్బరిచిప్పలు కట్టి తక్కెడ చేసింది. చిన్న చిన్న గుడ్డసంచుల్లో చింతగింజలు, కుంకుడుకాయలు, ఎండిన పల్లేరుకాయలు పోసి కిందికి వేలాడదీసింది. కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టి ఏమిటో చెప్పాలి. పల్లేరు తగిలినవాడు కెవ్వుమనేవాడు, మిగతావాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. గోల చేసేవాళ్ళకి గోల మూల ఉండేది. ఏడుపొచ్చినవాళ్ళకి, ఏమీ మాట్లాడాలనిపించనివాళ్ళకి గోనెసంచి పరిచిన గప్‌చుప్ మూల ఉండేది. అక్కడ కూర్చున్నవాళ్ళని ఎందుకు కూర్చున్నావని ఎవరూ అడక్కూడదు.

ఆ బడిలో గుండు అని ఒక పందిపిల్ల ఉండేవాడు. పది దాకా బాగానే లెక్కపెట్టేవాడు. పది తర్వాత మళ్ళీ ఏడు అనేవాడు, ఒక్కోసారి నాలుగు అనేవాడు. మేకపిల్ల చుక్కికి నోరు ఎక్కువ. "టీచరమ్మా, వీడికి పదితో అంకెలు అయిపోయాయి" అనేది.

"అయిపోలేదే, అక్కడ ఆగాడు. ఆగినవాడు నడుస్తాడు" అనేది బూదమ్మ.

ఇలా ఉండగా ఆ ఏడు అడవి పెద్దలంతా ఒక మాట అనుకున్నారు. అడవి పక్కన ఎవరో రైతు పొగాకు ఆకుల్ని వేడికి ఎండబెట్టడం మానేసి వదిలేసిన బ్యారను, అంటే పెద్ద కొట్టం, ఒకటుంది. మందపాటి గోడలు, పైన రేకులు, చుక్క నీళ్ళు లోపలికి రావు. దాన్ని ఏదో ఒక బడికి ఇచ్చెయ్యాలి. ఏ బడికి? కాకి వచ్చి రెండు చోట్లా ఒకటే కబురు చెప్పింది. "ఎల్లుండి పెద్దాయన బడులు చూడటానికి వస్తున్నారు. ఎవరి బడి బాగుందంటే వాళ్ళకే బ్యారను."

కొండలరాయుడు ఆలోచించాడు. పెద్దాయన. ఈ అడవిలో అందరికంటే పెద్ద ఎవరు? ఏనుగు. ఇక అడగాల్సిన పనేముంది అనుకున్నాడు. ఏనుగు కన్ను ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తు లెక్కేసుకున్నాడు. దూలాలు చూసుకుని మురిసిపోయాడు. స్వాగతానికి చెరుకు మోపు తెప్పించాడు. ఇక కావల్సింది సామాను. అతని బడిలో బెత్తం తప్ప ఏమీ లేదు.

మర్నాడు బూదమ్మ దగ్గరికి వచ్చాడు. తోక కిందికి వేలాడేసి, గొంతు చిన్నది చేసి అడిగాడు.

"అక్కా, నీకు చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. మా పిల్లలు మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. చూపించడానికి ఏమీ లేదంటున్నారు. నీ సామాను ఒక్క పూట ఇవ్వు. పెద్దాయన పొద్దున మా దగ్గరికి, మధ్యాహ్నం నీ దగ్గరికి. ఆయన మా గడప దాటగానే నీ సామాను నీకు పంపిస్తాను."

చుక్కి వెనకనుంచి బూదమ్మ కాలు గీరింది. "ఇవ్వకు టీచరమ్మా. ఇతను పోయిన వారం మా అమ్మనడిగి తీసుకెళ్ళిన తాడు ఇంకా ఇవ్వలేదు."

"ఏమే చుక్కీ, పెద్దవాళ్ళ మాటల్లోకి దూరతావేం?" అన్నాడు నక్క.

 బూదమ్మ "వాళ్ళూ పిల్లలే కదే" అని సంచులు ఒక్కొక్కటే విప్పి ఇచ్చింది. "తమ్ముడూ, ఒక్క మాట. వీటిని పిల్లల చేతికివ్వు. చూడటానికి కాదు ఇవి."

"అయ్యో, అంత తెలీదా అక్కా" అని మూటకట్టుకుని పోయాడు.

పోయి ఏం చేశాడు? కోతిని పిలిచి అన్నీ పైన దూలాలకి కట్టించాడు. తక్కెడకి బంతిపూలు చుట్టించాడు. సంచులకి ఎర్రటి గుడ్డముక్కలు కట్టించాడు. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి "పైకి చూస్తే చూడండి. ముట్టుకుంటే మాత్రం చేతులు విరుగుతాయి" అన్నాడు.

అనుకున్న రోజు వచ్చింది. కొండలరాయుడు చెరుకు మోపు పట్టుకుని, మెడ చాచి, దారి చివర తొండం ఎప్పుడు కనపడుతుందా అని చూస్తున్నాడు. వెనక పిల్లలు స్వాగత గీతం మొదలెట్టారు. ఎంతకీ ఎవరూ రారు. పాట మూడోసారి అయింది. అంతలో కింద కుందేలు పిల్ల కాళ్ళ మధ్యనుంచి ఒక గొంతు వినపడింది.

"బాబూ, కాస్త కాలు తియ్యమ్మా. లోపలికి వెళ్ళాలి."

చూస్తే ముసలి తాబేలు. నక్కకి చిరాకేసింది. "ఏయ్ తాతా, ఇవాళే దొరికిందా నీకు? పక్కకి జరుగు. పెద్దాయన వచ్చే వేళ."

"వచ్చాను నాయనా" అన్నాడు తాబేలు.

పైనున్న కాకి దగ్గింది. "ఆయనే పెద్దాయన. నూటపదేళ్ళు. ఈ అడవిలో ఆయనకంటే వయసున్నది ఆ కొండ ఒక్కటే."

కొండలరాయుడి చేతిలో చెరుకు మోపు జారి కాలి మీద పడింది. అయినా నక్క నక్కే, వెంటనే మొహం మార్చేశాడు. "దయచేయండి, దయచేయండి. తమ కోసమే ఇదంతా. ఒక్కసారి తల పైకెత్తి ఆ సంచులూ తక్కెడా చూడండి."

తాబేలు మెడ చాచాడు. ఇంకా చాచాడు. "నా మెడ ఇంతవరకే వస్తుంది నాయనా. నాకు మీ పిల్లల మడమలు కనపడుతున్నాయి. బాగున్నాయి."

"తమర్ని ఎత్తి ఆ రాయి మీద కూర్చోబెడతాను. అక్కణ్ణుంచి అన్నీ కనపడతాయి."

"రోజూ నీ పిల్లల్ని కూడా ఇలాగే ఎత్తి చూపిస్తావా?"

 తాబేలు కుందేలు పిల్ల వైపు తిరిగాడు. "ఏం బాబూ, పైన సంచులు వేలాడుతున్నాయట. వాటిలో ఏముంటాయి?"

"ముట్టుకోకూడనివి ఉంటాయి తాతగారూ" అంది కుందేలు పిల్ల, చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా.

"ఊఁ" అన్నాడు తాబేలు. ఇంకేమీ అడక్కుండా బయటికి నడిచాడు. ఆయన నడక మీకు తెలుసు కదా. బూదమ్మ బడి నాలుగడుగుల దూరమే అయినా అక్కడికి చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది.

ఈలోగా చుక్కి గెంతుకుంటూ నక్క దగ్గరికి వచ్చింది. "కొండలరాయుడు మామా, టీచరమ్మ సామాను ఇమ్మంది."

 నాకు రానిది ఆమెకీ రాకూడదు అనుకున్నాడు నక్క. "పైన కట్టిన కోతి పెళ్ళికెళ్ళాడమ్మా. అతను వస్తేగాని దిగవు."

"ఎవరి పెళ్ళి?"

"వాళ్ళ చిన్నాన్న కూతురిది."

"ఆ పిల్ల పెళ్ళి పోయిన నెలే అయింది కదా మామా?"

"ఇది ఇంకో కూతురు. పో, పో."

చుక్కి పరుగెత్తుకెళ్ళి చెప్పింది. చప్పరం కింద పిల్లలందరి మొహాలూ వాడిపోయాయి. తక్కెడ లేదు, సంచుల్లేవు, ఉత్త నేల. దూరంగా తాబేలు దారి మలుపు తిరుగుతున్నాడు. ఆకాశం కూడా నల్లబడుతోంది. "బ్యారను పోయినట్టేనా టీచరమ్మా?" అన్నాడు గుండు. "వానొస్తే మళ్ళీ బడి ఉండదా?"

బూదమ్మకి కిందటేడు వెళ్ళిపోయిన ముగ్గురూ గుర్తొచ్చారు.  అప్పుడు, వాళ్ళందరూ దిగులుగా నేల చూస్తుంటే, ఆమె దారి వైపు చూసింది.

"ఎందుకర్రా బెంగ? ఇవాళ్టి పాఠం నడుచుకుంటూ మన దగ్గరికే వస్తోంది. వెళ్ళి చూడండి. ఏం తెలుసుకోవాలనిపిస్తే అది తెలుసుకోండి. ముందు నమస్కారం పెట్టండి, తర్వాత అడగండి."

పిల్లలు ఒక్క ఊపున వెళ్ళి తాబేలు చుట్టూ మూగారు. చుక్కి ఆయన పక్కనే నడుస్తూ ఆయన ఒక అడుగు వేసేలోపు తను ఎన్ని గెంతులు వెయ్యగలదో చూసుకుంది. ఉడుతపిల్ల ఆయన నీడని తోకతో కొలిచింది. ఒకరు వయసు అడిగారు. ఒకరు ఇల్లు మోయడం బరువా అని అడిగారు. ఇంతలో ఉడుత అంది, "చుక్కీ, తాత వీపు మీద పెంకులు చూశావా? అంచున ఉన్న చిన్నవి కాకుండా మధ్యలో పెద్దవి. పన్నెండు."

"పద్నాలుగు" అంది చుక్కి.

"పన్నెండే."

"నీకు లెక్క రాదు."

"నీకు నోరు మూసుకోవడం రాదు."

ఇద్దరూ బూదమ్మ వైపు తిరిగారు. "టీచరమ్మా, ఎవరిది కరెక్టు?"

బూదమ్మకి ఆ వీపు అంతా కనపడుతూనే ఉంది. అయినా చెప్పలేదు. "నేను చెప్తే అది నాకు తెలిసిన లెక్క అవుతుంది. మీకెలా తెలుస్తుంది?"

 అప్పుడు గుండు మెల్లగా ముందుకొచ్చాడు. "తాతా, మీ వీపు మీద బురద పెట్టనా? లెక్కపెట్టిన దానికి ఒక చుక్క పెడతాను. అప్పుడు దాన్నే మళ్ళీ లెక్కపెట్టం."

"పెట్టు బాబూ. నేను పుట్టిందే బురదలో" అన్నాడు తాబేలు.

గుండు ఒక్కో పెంకుకీ ఒక్కో చుక్క పెడుతూ ఒకటి, రెండు అన్నాడు. తొమ్మిది, పది. ఆగిపోయాడు. చుక్కి నోరు తెరిచింది. బూదమ్మ చూపుతోనే మూయించింది. పిల్లలూ, అక్కడ ఆమె ఏమీ చెప్పకుండా నిలబడిందే, దానికంటే కష్టమైన పని బడిలో ఇంకోటి లేదు.

గుండు చుక్కల్లేని పెంకుల వంక చూశాడు. "పది అయ్యాయి. ఇంకా మూడున్నాయి" అన్నాడు. తనలో తను గొణుక్కున్నాడు. "పది, మూడు. పది, మూడు. పదమూడు." తలెత్తి అందరి వంకా చూశాడు. "ఓహో. అందుకే దాని పేరు అదా."

 తాబేలు మెడ తిప్పబోయి, తిరగక, మళ్ళీ ముందుకే చూశాడు.

"పదమూడా" అన్నాడు. "నూటపదేళ్ళుగా మోస్తున్నాను బాబూ. ఎన్నున్నాయో ఇవాళే తెలిసింది. నా వీపు నాకు కనపడదు కదా." ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "బ్యారను ఈ బడికే."

చాటునుంచి చూస్తున్న కొండలరాయుడు ఆగలేకపోయాడు. ముందుకు దూకాడు. "ఇదేం న్యాయం పెద్దాయనా? ఇక్కడ ఒక్క గింజ లేదు, ఒక్క సంచి లేదు. ఆమె సామానంతా నా దూలాలకే వేలాడుతుంటే బ్యారను ఆమెకా?"

"ఆమె సామాను నీ దూలాలకెందుకుంది?" అన్నాడు తాబేలు.

"పైన కట్టిన కోతి పెళ్ళికెళ్ళాడు, అతను వస్తేగాని దిగవు" అని నక్క నసిగాడు. ఎంత జిత్తులమారికైనా తన నాలుకే తనని పట్టిస్తే ఏం చేస్తాడు?

"దించి, దుమ్ము దులిపి, బ్యారనులో పెట్టిరా. అవి పిల్లల ముక్కు ఎత్తులో ఉండాలి, గుర్తుంచుకో. కోతి పెళ్ళినుంచి ఎప్పుడొస్తాడో మనకెందుకు, నువ్వే ఎగిరి దించు" అన్నాడు తాబేలు.

మొదటి వాన ఆ రాత్రికే పడింది. మర్నాడు బ్యారను రేకుల మీద చినుకులు దరువేస్తుంటే, లోపల గోల మూలలో పిల్లలు ఆ దరువుకి సరిగ్గా అంకెలు చెప్తున్నారు. గుండు ఇరవై దాటేశాడు. నక్క బడి పిల్లలు కూడా గుమ్మం దగ్గర తడుస్తూ నిలబడితే బూదమ్మ లోపలికి పిలిచింది. కుందేలు పిల్ల మొదటిసారి సంచిలో చెయ్యి పెట్టి, పల్లేరు గుచ్చుకుని కెవ్వుమని, తర్వాత ఎంతసేపు నవ్విందో. కొండలరాయుడు మాత్రం ఖాళీ పాకలో, కారుతున్న కప్పు కింద, చివరి ముడి ఊడక ఇంకా ఎగురుతూనే ఉన్నాడు.

పిల్లలకు అందనిది ఎంత అందంగా ఉన్నా పాఠం కాదు.

ఇక లేవండి. మీ ఇళ్ళలో ఈపాటికి పప్పు పొయ్యి మీంచి దిగిపోయి ఉంటుంది. కాళ్ళూ చేతులూ కడుక్కుని, అన్నం వేడి మీదే తినండి. నెమ్మదిగా వెళ్ళండర్రా, తోసుకోకండి.