నూకరాజుకి నిద్ర పట్టించిన వాళ్ళు

తాతబ్బాయికి ఉన్న సుగుణాల్లో మొదటిది వినయం. తన తెలివిని పొగిడి పొగిడి ఎదుటివాళ్ళు నోరు నొప్పెట్టించుకోవడం చూడలేక, ఆ పనేదో తానే చేసేసుకునేవాడు. "ఒకళ్ళని కష్టపెట్టకూడదండీ" అనేవాడు.

కాకినాడలో ఒక కాజాల కొట్టు మేడ మీదున్న బుల్లి సాఫ్ట్‌వేర్ ఆఫీసుకి ఆయనే పెద్ద. ఆయన కింద సత్తిపండు, వీరవేణి, నూకరాజు. ఊళ్ళోవాళ్ళు ఇంటికి మంచినీళ్ళ టిన్నులు తెప్పించుకునే యాప్ నడిపేది వీళ్ళే. వీళ్ళ గొప్పల్లా ఒకటే. "మాకో మాట చెబితే అక్షరం పొల్లు పోనివ్వం. సొంత తెలివి కలిపి పాడుచెయ్యం." అందులో అబద్ధమేం లేదు. కలపడానికి ఉండాలి కదా.

నలుగురిలోనూ నూకరాజు కాస్త తేడా. వాడు చేసిన పని పనిచేసేది. అంచేత యాప్ ఆగిపోతే మోగే ఫోను వాడి జేబులోనే పెట్టారు. అది వేళాపాళా లేకుండా మోగేది. రానురాను వాడు అన్నం కెలికి వదిలెయ్యడం, పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడడం మొదలెట్టాడు. ఓ పొద్దున్న తాతబ్బాయి దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"అన్నా, ఫోను మోగకపోయినా మోగినట్టే వినపడతంది. నిద్ర లేదు. ఊరికే ఏడుపొస్తంది. ఈ వారం చూసి మానేస్తాను. నా వల్ల కాదు."

తాతబ్బాయి గుండె జారిపోయింది. వాడు పోతే పని ఆగిపోతుందని కాదు, అదీ ఉందనుకోండి, అసలు పక్క కుర్చీలో నూకరాజు లేని ఆఫీసు ఆయన ఊహకి అందలేదు. ఊహ కూడా చిన్నదే మరి.

వెంటనే వాణ్ణి స్కూటరెక్కించుకుని మనసు డాక్టరు భ్రమరాంబగారి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ నూకరాజుతో చాలాసేపు మాట్లాడి, మందు రాసి, వాడు సరేనన్నాక తాతబ్బాయిని లోపలికి పిలిచింది.

"ఇది బద్ధకం కాదండీ, పిరికితనమూ కాదు. మనిషి అలిసిపోయాడు. ఒంటరిగా వదలకండి. తను మాట్లాడితే సలహాలివ్వకుండా వినండి. ఎలా ఉన్నావని అప్పుడప్పుడు అడుగుతూ ఉండండి. అంతే."

"అంతేనాండీ? మా వాళ్ళకి చెబితే అక్షరం పొల్లు పోదండి!"

"ఒకటీ అరా పోయినా పర్లేదండీ" అంది డాక్టరుగారు, ఎందుకో కంగారుగా.

మర్నాడు నూకరాజు టీకి లేస్తే ముగ్గురూ లేచారు. వాడు కూర్చుంటే ముగ్గురూ కూర్చున్నారు. వాడు బాత్రూములోకెళ్ళి గడియ పెట్టుకున్నాడు. ఇంకేముంది, సత్తిపండు తలుపు బాదాడు.

"ఒరేయ్ నూకరాజూ, లోపల ఇంకెవరైనా ఉన్నార్రా?"

"ఎవరుంటార్రా!"

"అయ్యబాబోయ్, ఒంటరిగా ఉన్నాడండోయ్!"

అంతే. తోడున్నామని లోపలివాడికి తెలియాలి కదా, ముగ్గురూ తలుపవతల నిలబడి చప్పట్లు కొడుతూ భజన అందుకున్నారు. కింద కాజాల కొట్టాయన ఆ భక్తికి కదిలిపోయి పైకొచ్చి, చెప్పులు విప్పి, "ఏ దేవుడండీ?" అని బాత్రూము తలుపుకి దణ్ణం పెట్టాడు. అప్పుడే బయటికొచ్చిన నూకరాజు ఆ దణ్ణం చూసి తల దించుకుని వెళ్ళిపోయాడు.

"తోడు సరిపోలేదంటారా?" అన్నాడు సత్తిపండు.

"తోడు బానే ఉంది. వినడం మొదలెట్టలేదు, అదీ లోపం" అన్నాడు తాతబ్బాయి.

వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా ముగ్గురూ కూర్చున్నారు. సలహా ఎక్కడ జారిపడుతుందోనని వీరవేణి మూతికి చున్నీ కట్టుకుంది. సత్తిపండు నోట్లో కాజా పెట్టుకుని నమలకుండా ఆపాడు. పాకం గడ్డం మీదికి కారుతోంది, అయినా వింటున్నాడు. నూకరాజు ఏమీ మాట్లాడలేదు. వీళ్ళు అదీ విన్నారు. ఇంతలో ఫోను మోగింది.

"అన్నా, తియ్యనా?"

తియ్యి అంటే సలహా. వద్దన్నా సలహానే. తాతబ్బాయి కళ్ళు పెద్దవి చేసి ఇంకా గట్టిగా విన్నాడు. ఫోను మోగి మోగి ఊరుకుంది.

"నేను మానేస్తానన్నా. ఈ వారం కూడా ఆగలేను. రేపట్నించే రాను" అన్నాడు నూకరాజు నీరసంగా.

అది కూడా అక్షరం పొల్లు పోకుండా విన్నారు.

వాడు అవతలికెళ్ళాక తాతబ్బాయి నిజంగానే బెదిరిపోయాడు. "ఇంక మిగిలింది అడగడం ఒక్కటే. అది గానీ తప్పితే మనవాడు మనకి దక్కడు."

"మనం సాఫ్ట్‌వేరోళ్ళం కదండీ, నోటితో అడుగుతామేంటండీ, నామోషీ!" అన్నాడు సత్తిపండు. "మన యాప్‌లో మెసేజీ పెట్టిద్దాం. టయానికి అదే అడుగుద్ది."

వీరవేణి టకటకా కొట్టేసింది. 'ఎలా ఉన్నావు? నిజం చెప్పు.'

"ఎవరికి పంపాలని అడుగుతోందండీ. నూకరాజు పేరు పెట్టనా? ఏం పెట్టకపోతే అందరికీ వెళ్ళిపోద్ది."

"డాక్టరుగారు పేరు చెప్పారా? అడుగుతూ ఉండండి అన్నారు, అంతే. మన సొంతం కలపకు" అన్నాడు తాతబ్బాయి.

ఇంకేముంది! టిన్నులు తెప్పించుకునే ఊరు ఊరంతటికీ వెళ్ళిపోయింది. ఊరు ఊరంతా నిజం చెప్పడం మొదలెట్టింది.

'నీళ్ళవాళ్ళు అడిగారు గానీ కట్టుకున్నాయన అడగలేదు. మోకాళ్ళు నాయనా, మోకాళ్ళు.'

'ముందు నువ్వెలా ఉన్నావో చెప్పు, టిన్ను ఏదీ?'

ఒక రిటైరైన మేష్టారు 'బాగానే ఉన్నాను' అని పెట్టి, కాసేపాగి 'లేను' అని పెట్టారు. ఇంకాసేపాగి, 'రెండు టిన్నులు పంపండి. నీళ్ళున్నాయి. తెచ్చే అబ్బాయి కాసేపు కూర్చుంటాడని.'

యాప్‌లో ఏదో అయిందని పరిగెత్తుకొచ్చిన నూకరాజు అవన్నీ నిలబడే చదివాడు. మోకాళ్ళ దగ్గర పెదవి కదిలింది. టిన్ను దగ్గర నవ్వు తన్నుకొచ్చింది. మేష్టారి దగ్గర నవ్వు ఏడుపైపోయింది. "నా ఒక్కడికే అనుకున్నానన్నా" అని వెక్కాడు. తాతబ్బాయి పోయి వాడి భుజం మీద చెయ్యి వేశాడు. అది డాక్టరుగారు చెప్పలేదు, పొరపాటున చేశాడు.

"అన్నా, నాకు కావాల్సింది భజన కాదన్నా. ఈ ఫోను ఎవరైనా పట్టుకోండి. నేను పడుకుంటాను."

తాతబ్బాయి ఫోను తీసుకున్నాడు. నూకరాజు మీటింగు గదిలో సోఫా మీద వాలాడో లేదో, గురక.

ఇక్కడితో ఆగితే వాళ్ళు వాళ్ళెలా అవుతారు? ఊరి జవాబులన్నీ వచ్చి పడుతుంటే మూలనున్న సర్వరు పెట్టె, యాప్‌ని నడిపేది అదే, గుర్రుమని రొప్పుతోంది. వీరవేణి చెయ్యేసి చూసి, "ఒళ్ళు కాలిపోతందండీ!" అంది.

"దీనికీ అదే జబ్బు" అన్నాడు తాతబ్బాయి. ఈపాటికి ఆయన ఆ జబ్బుల్లో ఆరితేరాడు. "పాపం, పెట్టిన కాణ్ణుంచీ నిలబడే ఉంది. ఎవరైనా పడుకోబెట్టారా?"

అంతే. ప్లగ్గు పీకి, చాప పరిచి, పెట్టెని పక్కకి ఒత్తిగిల్లబెట్టి, తల ఎటో తెలియక రెండువైపులా దిండ్లు పెట్టి, తువ్వాలు కప్పారు. తాతబ్బాయి దగ్గర ఫోను మోగితే నీళ్ళ కంపెనీ ఓనరు కేకలేశాడు. "ఏవండీ, ఊళ్ళో ఎవరికీ టిన్ను బుక్కవట్లేదు!"

"మెల్లిగా మాట్లాడండి, పడుకుంది" అన్నాడు తాతబ్బాయి. "ఇంతకీ మీరెలా ఉన్నారు? నిజం చెప్పండి."

సాయంత్రం నూకరాజు కళ్ళు నులుముకుంటూ వచ్చేసరికి ముగ్గురూ పెట్టె చుట్టూ కూర్చుని విసనకర్రలతో విసురుతున్నారు.

"ష్! లైట్లన్నీ ఆర్పేసి పడుకుంది" అంది వీరవేణి.

నూకరాజు నేల మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత లేచి, "ముందు దీన్ని లేపుదాం. ఎలాగో నేను చెప్తాను, మీరు చెయ్యండి. రేపట్నించి ఫోను రోజుకొకళ్ళం పట్టుకుందాం" అన్నాడు.

"మానేస్తానన్నావు కదరా తమ్ముడూ?" అంది వీరవేణి చిన్నగా.

"మానాలనిపించింది పని కాదక్కా. ఒక్కణ్ణే మొయ్యడం."

వాడు మానలేదు. మందు వేసుకుంటున్నాడు, డాక్టరుగారి దగ్గరికి వెళుతున్నాడు, కాస్త ఒళ్ళు కూడా చేశాడు. వంతులు బానే నడుస్తున్నాయి. ఆదివారం తాతబ్బాయిది.

మొదటి ఆదివారం మధ్యాహ్నం ఫోను మోగలేదు. తాతబ్బాయికి నూకరాజు మీద జాలేసింది. మోగిందేమోనని వాడక్కడ బెంగ పడుతుంటాడు కదా! వెంటనే వాడికి ఫోను చేశాడు.

"తమ్ముడూ, పడుకున్నావా?"

"ఆఁ... ఏమైందన్నా? యాపా?"

"ఏం కాలేదు. ఏం కాలేదని చెబుదామనే చేశాను. నువ్వు హాయిగా పడుకో."

కాసేపాగి మళ్ళీ చేశాడు. "ఇప్పుడు కూడా ఏం కాలేదు."

మూడోసారి చేస్తే నూకరాజు ఫోను ఆపేసి ఉంది. ఇంకేముంది, తాతబ్బాయి స్కూటరేసుకుని వాడింటికెళ్ళి తలుపు దబదబా బాదాడు. జుట్టు రేగిపోయి, లుంగీ పట్టుకుని నూకరాజు తలుపు తీశాడు.

"నీ ఫోను ఆగిపోయింది తమ్ముడూ" అన్నాడు తాతబ్బాయి సంబరంగా. "ఇంక నిన్నెవరూ లేపలేరు. ఆ మాట చెప్పిపోదామని వచ్చాను."

తాతబ్బాయి ఇప్పుడు సర్వరు లేపడం నేర్చుకున్నాడు, వంతులు వెయ్యడం నేర్చుకున్నాడు. మనిషంటే ప్రేమున్నప్పుడు, ఆ మనిషిని లేపకుండా ఊరుకోవడం ఎలాగో మాత్రం ఇప్పటికీ రాలేదు.