కొంగు చాటున వినని మాట

చీరాల దగ్గర ఒక నేతపేటలో, గుడిలో ప్రసాదం పెట్టినా వాసన చూసి గానీ తినని భావనమ్మ అనే అనుమానపు మనిషి ఉండేది. నూలు తెచ్చినవాణ్ణి నమ్మేది కాదు, చీర కొన్నవాణ్ణి నమ్మేది కాదు. కోడలు హైమనైతే అసలే నమ్మేది కాదు. తన మగ్గం మీద కోడలి కన్ను పడిందని ఆమె అనుమానం.

అలాంటి భావనమ్మకు యోని పెదవి మీద పుండు లేచింది. క్యాన్సరని తేల్చి పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేశారు. పుండుతోపాటు గజ్జల్లోని గ్రంథులూ తీశారు. గాయానికి పెట్టిన గొట్టంలోంచి దిగిన నీరు నర్సు పారబోయడానికి తీసుకెళుతుంటే, అదెక్కడికి పోతోందో చూసి రమ్మని కోడల్ని వెంట పంపింది. ఇంటికి పంపేముందు డాక్టరమ్మ జాగ్రత్తలు చెబుతుంటే మాత్రం, ఆ చోటి సంగతి వినలేక భావనమ్మ ముఖాన కొంగు కప్పుకుని గోడవైపు తిరిగింది. కొడుకు అప్పటికే వరండాలోకి తప్పుకున్నాడు. విన్నది హైమ ఒక్కతే.

ఇంటికి రాగానే హైమ, గాయం మానేదాకా మగ్గం గుంటలో కాళ్లు వేలాడేసి కూర్చోవద్దంది. కాలు వాచినా, జ్వరం తగిలినా వెంటనే రమ్మన్నారంది. సగంలో ఉన్న పెళ్లిచీర తాను నేస్తానంది.

"డాక్టరు చెప్పిందా, నువ్వు చెప్పించావా?" అంది భావనమ్మ.

"నా మాట వినే డాక్టరైతే, అత్తయ్యా, ముందు మీ నోటికి కుట్లు వేయించేదాన్ని" అంది హైమ.

భావనమ్మ నవ్వలేదు. కోడలు రంగులు కొనడానికి వెళ్లగానే గుంటలోకి దిగి నేతకు కూర్చుంది. మర్నాడూ అంతే. కాలు బరువెక్కి తొడ దాకా వాచింది. గాయం విచ్చి చీము కారింది. కోడలికి తెలిస్తే మగ్గం పోతుందని, తడిసిన గుడ్డలు నూలు మూటల వెనక దాచింది. చివరికి చలిజ్వరంతో వణుకుతూ మగ్గం మీదే వాలిపోయింది.

ఆసుపత్రిలో తెలివి రాగానే, గుంటలో కూర్చోవద్దన్నది నిజంగా మీరేనా అని డాక్టరమ్మను అడిగింది.

"నేనే. మీ మంచం పక్కన నిలబడే చెప్పానమ్మా. గజ్జల్లో గ్రంథులు తీశాక ఎంత జాగ్రత్తగా ఉన్నా కొందరికి కాలు వాపు వస్తుంది, అది మీ తప్పు కాదు. దాచడం తప్పు. మొదట్లోనే వచ్చుంటే ఇంత ముదరనిచ్చేవాళ్లం కాదు."

ప్రాణం దక్కింది. కాలు మాత్రం మునుపటిలా సన్నబడలేదు. పొద్దున లేస్తే తొడ దాకా బిగుతు మేజోడు తొడుక్కోవాలి. గుంట మగ్గం ఇక ఆమెకు లేదు. ఆ మగ్గం నేసేది హైమే, నేతకు కూర్చునే ముందు అత్తకు మేజోడు తొడిగేదీ హైమే.

అనుమానం వస్తే తెలిసినవాళ్లను నోరు తెరిచి అడగాలి. సిగ్గుపడి చెవులు మూసుకుని, అనుమానపడి రోగాన్ని దాచుకుంటే, చెడేది మన ఒళ్లే.