వద్దంటే వద్దే

మారేడుకొండ కనుమలో, రెండు అడవులు కలిసేచోట, ఏనుగు ఐరావతమ్మకి ఒక హోటలుండేది. వెదురు పందిరి, మోదుగాకు విస్తళ్లు, పక్కనే సెలయేరు. దారిన పోయే జీవి ఏదైనా అక్కడ నాలుగు ముద్దలు తినకుండా కొండ దిగేది కాదు. ఐరావతమ్మకి మోకాళ్ల నొప్పులు మొదలై, తాళాల గుత్తి ఎవరి చేతిలో పెట్టాలా అని చూస్తుండగా నక్క గుర్నాథం ఊడిపడ్డాడు.

గుర్నాథం సామాన్యుడు కాదు. పట్నంలో ఓ పెద్ద హోటలు వెనకాల, ఎంగిలాకుల కుప్ప పక్కన, ఏడాది పాటు చదువుకున్నాడు. కిటికీలోంచి వినబడిన ట్రైనింగంతా కంఠతా పట్టి, ఓ ఎర్ర చేతిరుమాలు మెడకి టైలా బిగించుకుని మరీ వచ్చాడు.

"అమ్మగారూ! అతిథి దేవుడైతే, మేనేజరు పూజారండీ" అన్నాడు.

"మరి నైవేద్యం ఎవరు తింటారో!" అన్నాడు వడ్డన చూసే కొండముచ్చు కోటయ్య, గరిటె తుడుచుకుంటూ.

ఐరావతమ్మ తొండం అడ్డుపెట్టుకుని నవ్వింది. "ఎలుగు భల్లూకరావు గారు మేనల్లుడి పెళ్లికి విడిది వెతుకుతున్నారు. ఆయన మన హోటలుకి సరేనంటే, తాళాలు నీవే గుర్నాథం."

ఆ మాటతో గుర్నాథం తోక జెండా అయింది. వెంటనే పనివాళ్లని వరసలో నిలబెట్టి పాఠం అందుకున్నాడు. "మొదట చిరునవ్వు! ఇదిగో, ఇలా!" అని నోరు బార్లా తెరిచాడు. అప్పుడే లోపలికొస్తున్న కౌజుపిట్టలు ఆ కోరలు చూసి పందిరి చీల్చుకుని ఎగిరిపోయాయి.

"రెండోది, అతిథి వద్దంటే వద్దే! బతిమాలడం మోటుతనం. ఎత్తిన గిన్నె అలాగే వెనక్కి తెచ్చెయ్యాలి."

కోటయ్య తల గోక్కున్నాడు. "మన వైపు మొదటి వద్దు మొహమాటమండీ. కాస్త బతిమాలితేనే గదా విస్తరి మీంచి చెయ్యి తీస్తారు."

"వడ్డించేవాడివి వడ్డించు. ఆలోచించడానికి నేనున్నాను! నా మాట జవదాటితే ఉద్యోగం ఊడుతుంది" అని గుర్నాథం పదిమంది ముందే కసిరాడు.

ఈ రూలు పట్నం సరుకు కాదు, గుర్నాథం సొంత పంట. వెనక్కొచ్చిన గిన్నె వంటింట్లోకి పోతుంది. వంటింట్లోంచి మెల్లిగా గుర్నాథం గదిలోకి పోతుంది. పాపం అతిథులు మొహమాటానికి వద్దనడం, కడుపు పట్టుకుని కొండ దిగడం. గుర్నాథం పొట్ట మాత్రం గుమ్మడికాయకి పోటీ.

భల్లూకరావు రానే వచ్చాడు. 'ఎలుగుబంటికి మొహమాటమా? గిన్నె కూడా మింగుతాడు' అనుకుని గుర్నాథం నిశ్చింతగా ఉన్నాడు. ఆయన ఇప్పుడు మగపెళ్లివారి పెద్ద అన్న సంగతే మరిచాడు. ధీమాగా ఐరావతమ్మ వినేలా గొంతు పెంచాడు: "బావగారూ! ఇక్కడ గరిటె పట్టే తీరు దగ్గర్నుంచి ప్రతి పద్ధతీ నేను పెట్టిందే. వీళ్లదేముంది, ఉత్త చేతులు!"

విస్తరి వెయ్యడానికి వంగిన కోటయ్య ఆ మాట విన్నాడు. పనసతొనల గిన్నె ఎత్తాడు.

ఘుమఘుమకి భల్లూకరావు గడ్డం తడిసింది. అయినా పెద్దరికం అడ్డొచ్చి, విస్తరి మీద చెయ్యి పెట్టి, "అబ్బే, వద్దండీ" అన్నాడు.

"చిత్తం" అని కోటయ్య గిన్నెతో వెనక్కి తిరిగాడు.

ఇప్పపూల పాయసం వచ్చింది. "వద్దులెండి..." "చిత్తం." పుట్టతేనె వచ్చింది. "వద్ద..." మాట పూర్తి కాకుండానే తేనె వెళ్లిపోయింది. భల్లూకరావు కళ్లు దాని వెంట గుమ్మం దాకా వెళ్లి ఒంటరిగా తిరిగొచ్చాయి.

గుర్నాథం కన్ను కొట్టాడు, తోక ఊపాడు, కాలు తొక్కాడు.

"కంట్లో నలక పడిందా అయ్యగారూ?" అన్నాడు కోటయ్య.

భల్లూకరావు దిగ్గున లేచాడు. "ఐరావతమ్మా! పిలిచి అవమానిస్తారా? అడవిలో ఎవరికైనా ఇలా పెడతారటమ్మా?"

"ఎవరు చెప్పార్రా నీకిలా చెయ్యమని?" అంది ఐరావతమ్మ కోటయ్యతో.

"ప్రతి పద్ధతీ అయ్యగారిదేనటమ్మా. మేం ఉత్త చేతులం."

అంతలో భల్లూకరావు ముక్కు ఎగరేశాడు. తేనె వాసన ఒక్క వంటింట్లోంచే కాదు, ఇంకెక్కడినుంచో కూడా వస్తోంది! ఆ ముక్కు ఆయన్ని తిన్నగా గుర్నాథం గది ముందుకి లాక్కుపోయింది. తలుపు తోస్తే అటక దాకా కుండలు.

"నైవేద్యం దొరికింది!" అన్నాడు కోటయ్య. ఆ వెంటనే తేనెకుండ ఎత్తుకొచ్చి, భల్లూకరావుని మళ్లీ విస్తరి ముందు కూర్చోబెట్టి, ఎదురుగా కూలబడ్డాడు. "బాబాయిగారూ, మా మీద ఒట్టే! కోపం వడ్డించినవాడి మీద చూపండి, వంట మీద కాదు. ఈ ఒక్క గరిటె!"

"వద్దయ్యా..."

"అయితే నేనూ మానేస్తా."

విస్తరి మీంచి చెయ్యి లేచింది. పొద్దు వాలేదాకా మళ్లీ దిగలేదు. విడిది ఖాయమైంది. తాళాల గుత్తి కోటయ్య మొలలో గలగలలాడింది.

పనివాళ్లంతా బంతిలో కూర్చున్నారు. మూల ముడుచుకున్న గుర్నాథాన్ని కోటయ్య పిలిచాడు. "రండి, రెండు ముద్దలు తిందురుగాని."

పొట్టలో ఎలుకలు పరిగెడుతున్నా గుర్నాథం టై సర్దుకున్నాడు. "అబ్బే, వద్దులే."

"చిత్తం" అని కోటయ్య విస్తరి చుట్టేసి, గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగాడు. "బతిమాలడం మోటుతనమేమోనండీ..."

"మోటుగానే అడగవయ్యా బాబూ!" అని గుర్నాథం బావురుమన్నాడు.

నోరు వద్దన్నా కళ్లు వడ్డించమంటాయి. ఆ కళ్లు చదివినవాడే పదిమందికి పెద్ద.